ముప్ఫయ్యేళ్ళకే రిటైరయితే?

ఏ పనికి ఎంత ఆయుర్దాయం ఉంటుందో మీరెప్పుడైనా లెక్క వేశారా? మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగికి 2022 నుంచీ అరవై రెండేళ్ళు. ప్లీడరుగారికి చూపు ఆనినంత కాలం. పురోహితుడుగారికి గొంతు పెగిలినంత కాలం. వంటింటి ఉద్యోగానికి అసలు రిటైర్మెంటే లేదని మా ఆవిడ అంటుంది. ఆ విషయంలో నేను వాదం పెట్టుకోను. టెన్నిస్ ఆటగాడికి మాత్రం ముప్ఫై, మహా అయితే ముప్ఫయ్యైదు. అక్కడితో సరి.

ఫెదరర్ నలభై ఒక్కేళ్ళదాకా ఆడి 2022లో గదా విరమించాడు, మన కూర్గు రోహన్ బోపన్న 2024లో నలభై మూడేళ్ళ వయసున ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు గదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని వాళ్ళు నూటికో కోటికో ఒక్కరు. మిగిలిన వాళ్ళందరికీ ముప్ఫయ్యో యేడు దాటుతూనే మోకాలు ఒక కబురు పంపుతుంది, భుజం ఇంకొక కబురు పంపుతుంది. ఇరవై యేళ్ళ కుర్రవాడు అవతలి వైపు నుంచి కొట్టిన సర్వీసు కంటికి ఆనేలోపునే వెనకాల తెరకు తగులుతుంది. పైగా మనం పేపర్లో పేర్లు చదివే మొదటి వందమందినీ పక్కన పెడితే, తక్కినవాళ్ళు తమ టిక్కెట్టు తామే కొనుక్కుని, తమ హోటలు ఖర్చు తామే పెట్టుకుని, ఊరూరా తిరిగి ఆడేవాళ్ళు. మొదటి రౌండులో ఓడిపోతే వచ్చిన డబ్బు దారిఖర్చులకే చాలదు.

ఈ లెక్కలన్నీ ఈ ముసలి లెక్కల మేష్టారి నెత్తిమీదకు ఎందుకొచ్చాయో చెప్పాలి.

మా తమ్ముడు విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి. వాడికి ఒక్కతే కూతురు, ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. ఎనిమిదో యేట రాకెట్టు పట్టింది, ఇంతవరకూ దింపలేదు. సంక్రాంతికి అందరూ భావనపాడు వచ్చారు. మా ఊరు మీరు చూసి ఉండరు. సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. టెక్కలి మీదుగా రావాలి. దారిలో నౌపడ ఉప్పు మళ్ళు, ఆ పక్కనే తేలినీలాపురం. ఆ ఊరి చెట్లమీదకు యేటేటా కొంగలూ గూడబాతులూ వలస వచ్చి, పిల్లల్ని పెంచుకుని, రెక్కలు రాగానే తీసుకుపోతాయి. 2023లో పక్కనున్న మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగిన దగ్గరనుంచీ ఇక్కడ ఎవరి నోట విన్నా ఉద్యోగాల మాటే. అటువంటి గాలిలో మా అమ్మాయి టెన్నిస్ మాట ఎత్తింది.

అమెరికాలో ఒక కాలేజీ కోచ్ దగ్గరనుంచి దానికి ఉత్తరం వచ్చిందట. ఉత్తరమంటే కాగితం కాదు లెండి, ఫోనులో వచ్చేదే. చదువూ ఆటా రెండూ అక్కడే. జీతంలో, బసలో కొంత భాగం కాలేజీ భరిస్తుందట.

మా మరదలు తొందరపడి మాట్లాడే మనిషి కాదు. పండుగనాటి భోజనాలయ్యాక, విస్తళ్ళు తీసేసిన తరువాత అడిగింది.

"బావగారూ, మీరైనా చెప్పండి. ఆడుతుంది, సంతోషమే. పదేళ్ళు ఆడుతుందనుకోండి. ముప్ఫయ్యేళ్ళకు ఆట అయిపోతే ఆ తరువాత ఏం చేస్తుంది?"

"కోచ్‌నవుతానమ్మా" అంది అమ్మాయి.

"ఎక్కడవుతావు? ఎవరిస్తారు నీకా ఉద్యోగం? మన వీధిలో టెన్నిస్ కోచ్‌గా బ్రతికే మనిషిని ఒక్కణ్ణి చూపించు."

అమ్మాయి నా వంక చూసింది. "పెదనాన్నా, నువ్వు చెప్పవూ" అంది. తమ్ముడు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు ప్రొద్దుటే చదివేశాడని నాకు తెలుసు.

ప్రశ్న న్యాయమైనది. ఆడపిల్ల గనుక అడిగింది కాదు. మగపిల్లవాడయినా అడగవలసిందే. జవాబు నోటికి రాక, వాళ్ళున్న నాలుగు రోజులూ దొరికిందల్లా చదివాను. చదివినదాన్ని ఇక్కడ మీకూ చెబుతున్నాను. మీ ఇళ్ళలోనూ ఇటువంటి పిల్లలు ఉండకపోరు. టెన్నిస్ కాకపోతే చదరంగం, చదరంగం కాకపోతే బాడ్మింటన్.

ముందుగా ప్రొఫెషనల్ అనే మాట సంగతి. ఇవాళ అది గౌరవవాచకం. వెనకటి రోజుల్లో టెన్నిస్ లోకంలో అది వెలివేత లాంటిది. ఆటకు డబ్బు పుచ్చుకున్నవాడికి వింబుల్డన్ తలుపు మూసేసేవాళ్ళు, దేశం తరపున డేవిస్ కప్ ఆడనిచ్చేవాళ్ళు కారు. వింబుల్డన్ తలుపు తెరుచుకున్నది 1968లో. అంతవరకూ పెద్ద ఆటగాడైన ప్రతివాడికీ ఒక రోజున ఈ సంకటం ఎదురయ్యేది: పేరు కావాలా, కూడు కావాలా?

మన రామనాథన్ కృష్ణన్‌కూ ఎదురైంది. 1959లో అమెరికా నుంచి జాక్ క్రామర్ అనే ఆయన, తన ప్రొఫెషనల్ జట్టులోకి వస్తే మూడేళ్ళకు లక్షా యాభై వేల డాలర్లు ఇస్తానన్నాడు. అప్పటి మారకం ప్రకారం ఏడు లక్షల రూపాయల పైమాట. కృష్ణన్ వద్దన్నాడు. 1960లోనూ 1961లోనూ వింబుల్డన్ సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. 1966లో మన దేశం డేవిస్ కప్ తుదిపోరుకు మెల్‌బోర్న్ వెళ్ళిందంటే ఆయన ఆ డబ్బు కాదనుకున్నందువల్లనే వెళ్ళింది. త్యాగమంటే అది. కాని ప్రతివాడూ ఏడు లక్షలు కాదనుకోగలడా? ఆలోచించండి.

కాదనుకోలేనివాళ్ళలో జార్జి లాట్ అనే అమెరికా వాడొకడు. 1931లోనూ 1934లోనూ వింబుల్డన్ డబుల్స్ గెలిచాడు. తన దేశపు డబుల్స్ అయిదుసార్లు గెలిచాడు. 1934 చివర, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, బిల్ టిల్డెన్ జట్టుతో చేరి ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ రోజుల్లో ఆ జట్లు సర్కస్ కంపెనీల మాదిరి ఊరూరా దిగి, రాత్రిపూట దీపాల కింద ఆడి, తెల్లవారేసరికి ఇంకొక ఊరికి ప్రయాణం కట్టేవి. సర్కస్ ఎంతకాలం సాగుతుంది? అయినా లాట్ కథ అక్కడ ముగియలేదు. తరువాత షికాగోలోని డీపాల్ విశ్వవిద్యాలయంలో టెన్నిస్ కోచ్‌గా కుదురుకుని ఏళ్ళ తరబడి కుర్రవాళ్ళకు ఆట నేర్పాడు. 1991లో ఎనభై అయిదేళ్ళకు పోయాడు. వింబుల్డన్ తలుపు మూసుకుపోయిన మనిషికి ఒక కాలేజీ తలుపు తెరిచిందన్నమాట.

మా మరదలి ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడ దొరికింది. అమెరికాలో కాలేజీ కోచ్ అంటే సాయంత్రం పూట సరదాకు వచ్చి విజిలు ఊది పోయేవాడు కాదు. అది ఉద్యోగం. నెల జీతం, కింద సహాయకుడు, తన జట్టు. లెక్చరరుకు క్లాసు ఎంతో ఆయనకు కోర్టు అంత.

ఆ జట్ల సంగతి కూడా కొంచెం చెబుతాను, ముచ్చటగా ఉంటుంది. ఒక కాలేజీకీ ఇంకొక కాలేజీకీ పోటీ పెడితే మూడు డబుల్స్, ఆరు సింగిల్స్ ఆడతారు. మూడు డబుల్స్‌లో రెండు గెలిచినవాళ్ళకు ఒక్క పాయింటు. సింగిల్స్ ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి. మొత్తం ఏడింటిలో ముందుగా నాలుగు కూడబెట్టినవాళ్ళది గెలుపు. ఆరు సింగిల్స్ పక్కపక్క కోర్టుల్లో ఒకేసారి సాగుతుంటే కోచ్ ఈ కోర్టు నుంచి ఆ కోర్టుకు, పెళ్ళివారింట్లో వడ్డన చూసుకునే పెద్దమనిషిలా తిరుగుతూ ఉంటాడు. మధ్యలో ఆటగాడితో మాట్లాడవచ్చు కూడా. పెద్ద పోటీల్లో ఇటీవలి వరకూ కోచ్ ప్రేక్షకుల్లో కూర్చుని నోరు కుట్టేసుకోవలసిందే. కనుసైగ చేసినా తప్పే. కాలేజీ ఆటలో ఆ నిషేధం లేదు. టెన్నిస్ ఒంటరి ఆట అంటారు. కాలేజీలో ఆడినన్నాళ్ళూ పిల్లవాడికి ఒక తోడు ఉంటుంది.

ఇక స్కాలర్‌షిప్పులు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం పాటు మగపిల్లల జట్టుకు నాలుగున్నర, ఆడపిల్లల జట్టుకు ఎనిమిది అని పరిమితి ఉండేది. నాలుగున్నర అంటే ఏమిటని నేనూ ముందు తెల్లబోయాను. ఎనిమిదిమందో తొమ్మిదిమందో ఉన్న జట్టుకు ఆ నాలుగున్నరనూ కోచ్ పంచాలి. ఒకడికి మొత్తం, ఇంకొకడికి సగం, మరొకడికి పావు, చివరివాడికి వీపు తట్టడం. ఒకటో తారీఖున జీతం ముందు పెట్టుకుని పాలవాడికింత, పచారీకింత అని చిట్టా వేసే గృహస్థు అవస్థ ఏదో అచ్చం అదే. 2025లో ఈ పరిమితుల పద్ధతి మారింది గాని పంచే బాధ్యత మాత్రం కోచ్ నెత్తినుంచి దిగలేదు. ఆడపిల్లలకు ఎనిమిది ఎలా వచ్చాయంటారా? చదువుల్లో ఆడా మగా తేడా చూపరాదని 1972లో వాళ్ళ దేశంలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము ముట్టిన కాలేజీలకు ఆటల్లోనూ ఆ నియమం వర్తించింది.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా నచ్చిన మనిషి కథ చెబుతాను. బిల్లీ మార్టిన్. 1956లో పుట్టాడు. 1973లోనూ 1974లోనూ వింబుల్డన్ కుర్రవాళ్ళ పోటీ గెలిచాడు. ఆ రెండేళ్ళూ అమెరికా ఓపెన్‌లో కుర్రవాళ్ళ పోటీ కూడా అతనిదే. తరువాత లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి మొదటి సంవత్సరంలోనే, 1975లో, దేశంలోని కాలేజీ విద్యార్థులందరికీ ఛాంపియన్ అయ్యాడు. అంతటితో కాలేజీ విడిచి ప్రొఫెషనల్ అయ్యాడు. ఇటువంటి పిల్లవాణ్ణి చూసినవాళ్ళు ఏమనుకుంటారు? రేపో మాపో వింబుల్డన్ ఇతనిదే అనుకుంటారు.

కాలేదు. 1977లో క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్ళి గెరులైటిస్ చేతిలో ఓడిపోయాడు. పెద్ద పోటీల్లో సింగిల్స్‌లో అంతకు మించి వెళ్ళలేదు. మన వీధిలో ఇటువంటి కుర్రవాడుంటే ఏమంటామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "చిన్నప్పుడు ఎంతో అనుకున్నాం, పాపం" అంటాం. ఆ పాపంతో అతని చిట్టా మూసేస్తాం.

అతను తన పాత కాలేజీకే తిరిగి వచ్చాడు. తనకు ఆట నేర్పిన గ్లెన్ బాసెట్ దగ్గరే సహాయకుడుగా చేరాడు. బాసెట్ కూడా ఆ కాలేజీలోనే చదివి, ఆడి, 1967 నుంచి 1993 దాకా అక్కడే కోచ్‌గా ఉండి జట్టుకు ఏడుసార్లు దేశపు విజయం తెచ్చిపెట్టినవాడు. మార్టిన్ పది సీజన్లు ఆయన పక్కన నిలబడ్డాడు. బంతుల బుట్ట మోశాడనుకోండి. 1993లో గురువు దిగగానే శిష్యుడు ఆ స్థానంలోకి వచ్చాడు. 2005లో అతని జట్టు దేశం మొత్తానికి మొదటిదైంది. 2024లో విరమించాడు.

లెక్కల మేష్టారిని గనుక లెక్క వేశాను. గొప్పవాడవుతాడని లోకం ఎదురుచూసిన ఆట పదేళ్ళైనా పట్టుగా సాగలేదు. లోకం పెద్దగా పట్టించుకోని పని నాలుగు దశాబ్దాలు సాగింది. ఏది అసలు ఉద్యోగం, ఏది దానికి చేసిన అప్రెంటిసు?

ఈ కథలో మనవాడొకడు తగులుతాడు. త్రిపుర కుర్రవాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా విశ్వవిద్యాలయం తరపున 2006లో కాలేజీ ఛాంపియన్‌షిప్ తుదిపోరుకు వచ్చాడు. అతన్ని ఓడించిన కోల్‌లోఫెల్ అనే కుర్రవాడు బిల్లీ మార్టిన్ శిష్యుడే. సోమ్‌దేవ్ కాలేజీ విడిచి పోలేదు. 2007లో గెలిచాడు, 2008లో మళ్ళీ గెలిచాడు. ఆ ఆఖరి సంవత్సరం నలభై అయిదు ఆటల్లో ఒక్కటే ఓడాడు. 2010 ఆసియా క్రీడల్లో సింగిల్స్ బంగారు పతకం అతనిదే.

మన తెలుగువాడూ ఉన్నాడు. సాకేత్ మైనేని ఉయ్యూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగినవాడు. అలబామా విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, చదువు ముగించుకుని, ఆ తరువాతే ప్రొఫెషనల్‌గా దిగాడు. 2014 ఆసియా క్రీడల్లో మన సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం తెచ్చాడు. 2016లో అమెరికా ఓపెన్ ప్రధాన పోటీలోకి అర్హత సంపాదించి మొదటి రౌండులో అయిదు సెట్లు పోరాడి ఓడాడు. 2017లో అర్జున పురస్కారం వచ్చింది. విశాఖపట్నం పిల్లవాడికి చదువూ ఆటా ఒకే చోట దొరకడానికి అలబామా దాకా పోవలసి వచ్చిందని గమనించండి. ఈ మాట మళ్ళీ ఎత్తుతాను.

ఆడపిల్ల సంగతి చెప్పలేదంటుంది మా మరదలు. లేలే ఫరూడ్ అనే ఆవిడ స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ ఆడింది. కొన్నాళ్ళు ప్రొఫెషనల్‌గానూ ఆడింది. ఛాంపియన్ల జాబితాల్లో ఆవిడ పేరు వెతికితే పెద్దగా దొరకదు. కోచ్‌ల జాబితాలో వెతకండి. 2000లో స్టాన్‌ఫర్డ్ ఆడపిల్లల జట్టు ఆవిడ చేతికి వచ్చింది. 2019 లోపల ఆ జట్టు పదిసార్లు దేశపు ఛాంపియన్ అయింది. మన నిరుపమా వైద్యనాథన్ 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఒక రౌండు గెలిచి, అటువంటి పెద్ద పోటీలో సింగిల్స్ ఆట గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆవిడా తరువాత కాలిఫోర్నియాలో పిల్లలకు ఆట నేర్పింది.

ఇదంతా మా వాళ్ళకు చదివి వినిపించిన మర్నాడు ప్రొద్దుటే అమ్మాయితో సముద్రం ఒడ్డుకు వెళ్ళాను. అక్కడ ఇసకలో కూర్చుని వల బాగుచేసే ముసలాయన ఒకరున్నారు. వేటకు వెళ్ళడం మానేసి చాలా యేళ్ళయింది. మోకాళ్ళు పట్టేశాయి. అయినా కుర్రవాళ్ళు పడవ దింపేముందు ఆయన దగ్గర ఒక్క నిమిషం ఆగుతారు. ఆయన నీటి వంక చూసి ఏదో అంటారు, వాళ్ళు వెళ్ళిపోతారు. ఊరికే కూర్చోలేక ఈ పని చేస్తున్నారా అని అడిగాను.

"ఊరికే ఏటి బాబూ? సంద్రం నన్నొగ్గీసింది గాని నాను దాన్ని ఒగ్గీనేదు. ఈ గుంటలకి ఎవులు సెప్తారు?" అన్నారు.

అమ్మాయి నా వంక చూసి నవ్వింది. నేను దానికి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కోచ్ అంటే ఏమిటో అమెరికా కథలన్నిటికన్నా ఆ వల దగ్గర దానికి బాగా తెలిసిందనుకుంటాను.

ఇంతవరకూ తీపి చెప్పాను. చేదు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. అమెరికా కాలేజీల్లో టెన్నిస్ తన ఖర్చు తాను సంపాదించుకోదు. వాళ్ళ ఫుట్‌బాల్ సంపాదించిపెడితే ఇది తింటుంది. ఇంట్లో డబ్బు తగ్గినప్పుడు మొదట సంగీతం మేష్టారిని మానిపించినట్లు, అక్కడ ఇటువంటి జట్లనే ముందు ఎత్తేస్తారు. వినూ మన్కడ్ మనుమడు హర్ష్ మన్కడ్ ఆడిన మినెసోటా విశ్వవిద్యాలయం 2021లో మగపిల్లల టెన్నిస్ జట్టును పూర్తిగా తీసేసింది. జట్టు పోతే కోచ్ ఉద్యోగమూ పోతుంది. కనుక అది కూడా రాతిమీద రాసిన ఉద్యోగమేమీ కాదు. ఆడేవాళ్ళందరికీ కోచ్ ఉద్యోగాలు దొరుకుతాయనీ అనుకోవద్దు. గొప్పగా ఆడినవాడికి గొప్పగా నేర్పడం వస్తుందనీ లేదు. తనకు పుట్టుకతో వచ్చినదాన్ని ఎదుటివాడికి ఎలా చెప్పాలో తెలియక విసుక్కునే మేష్టర్లను మనం బళ్ళోనే చూశాం గదా. కష్టపడి నేర్చుకున్నవాడు, ఒకటి రెండు చోట్ల దెబ్బ తిన్నవాడు, పిల్లవాడికి ఎక్కడ అడుగు తడబడుతుందో ముందే కనిపెడతాడు.

అందుకని మా తమ్ముడితో మూడు మాటలు చెప్పాను. ఒకటి: కాలేజీ పేరు చూడకు, కోచ్ ఎన్నేళ్ళబట్టి అక్కడున్నాడో చూడు. ఏడాదికో కోచ్ మారే చోటికి పిల్లను పంపవద్దు. రెండు: డిగ్రీ చేతికి వచ్చేదాకా ప్రొఫెషనల్ మాట ఎత్తనివ్వకు. బిల్లీ మార్టిన్ ఒక సంవత్సరానికే విడిచాడు, సోమ్‌దేవ్ చివరిదాకా ఉన్నాడు. మనబోటి ఇళ్ళకు రెండోదే మంచిది. మూడు: ఆదివారాలు కోర్టులో చిన్నపిల్లలకు ఆట చూపించమను. నేర్పడం వస్తుందో రాదో ఇప్పుడే తెలుస్తుంది.

మూడో మాటకు మా మరదలు తలెత్తింది. "అది యేడాదిగా చేస్తూనే ఉంది బావగారూ. ఎదురింటి పిల్లలిద్దరినీ తీసుకుపోతుంది. డబ్బు కూడా పుచ్చుకోదు" అంది. ఫిర్యాదు లాగా మొదలుపెట్టిన మాట ఆఖరుకు వచ్చేసరికి ఫిర్యాదు కాకుండా పోయింది.

ప్రయాణం ఇంకా నిశ్చయం కాలేదు. స్కాలర్‌షిప్పు పోగా మిగిలిన జీతం ఎవరు కట్టాలి, అక్కడ పప్పన్నం దొరుకుతుందా, సెలవులకు రానిస్తారా అని ప్రశ్నలు చాలా ఉన్నాయి. అయితే "ఆ తరువాత ఏం చేస్తుంది?" అన్న ప్రశ్న మాత్రం మళ్ళీ రాలేదు.

ఇందాక మళ్ళీ ఎత్తుతానన్న మాట ఒకటి మిగిలింది. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తిగారు దేశదేశాల్లో బలప్రదర్శనలు ఇవ్వకముందు విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామం నేర్పిన మేష్టారే. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు విడతలూ కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా నియమితురాలైంది. ఆడిన మనిషికి విద్యాలయంలో పెద్దపీట వేయడమంటే ఇది. ఆ పీట వేసినది ఢిల్లీ.

మన కాలేజీల్లోనూ ఒక ఉద్యోగం ఉంది. ఫిజికల్ డైరెక్టరుగారంటాం, పి. డి. గారంటాం. పాపం, ఆయన చేత పంద్రాగస్టుకు మైదానంలో సున్నపు గీతలు గీయిస్తాం, పరీక్షల్లో కాపలా పెడతాం, ఊరేగింపుల్లో క్యూలు సరిచేయిస్తాం. టెన్నిస్ కోర్టు ఉంటే అందులో స్కూటర్లు నిలబెడతాం. మైదానం లేక కాదు, మనిషి లేక కాదు. ఆ మనిషికి ఒక జట్టునిచ్చి, పదేళ్ళపాటు కదపకుండా ఉంచి, ఏం చేశావని అడిగే అలవాటు మనకు లేక.

వచ్చే జూన్‌లో మీ పిల్లల్ని కాలేజీలో చేర్చడానికి వెళ్ళినప్పుడు ఈఏపీసెట్ ర్యాంకులు ఎన్ని వచ్చాయని ఎలాగూ అడుగుతారు. అడగండి. ఆ తరువాత ప్రిన్సిపాలుగారిని ఇంకొక్క మాట అడగండి: మీ పి. డి. గారు ఒకప్పుడు ఏ ఆట ఆడేవారు, ఇప్పుడు సాయంత్రం అయిదింటికి ఎక్కడుంటారు అని. ఇద్దరు ముగ్గురు అడిగితే నవ్వి ఊరుకుంటారు. ముప్ఫైమంది అడిగితే ఆ కోర్టులోంచి స్కూటర్లు తీయించకపోరు.